గోల్కొండలో చప్పట్లు

హైదరాబాదు నడిబొడ్డునుంచి పడమటి దిక్కుగా సుమారు 11 కిలోమీటర్లు పోతే గోల్కొండ కోట వస్తుంది. 1518 నుంచి 1687 దాకా రాజ్యమేలిన కుతుబ్ షాహీ సుల్తానులు దీన్ని రాతితో కట్టి, బురుజులతో బలపరిచారు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది మాసాలు ముట్టడించినా గోడలు లొంగలేదు. చివరకు లోపలివాడే ఒకడు తలుపు తీయబట్టి కోట పట్టుబడింది.

ఇలాటి కోటకు గోడలతోపాటు కబురు కూడా ముఖ్యమే. కింద వాకిట్లో శత్రువు కనిపిస్తే, పైన కొండకొమ్మున ఉన్నవారికి ఆ క్షణంలోనే తెలియాలి. అందుకు గోల్కొండలో ఏం చేసేవారో తెలుసా? చప్పట్లు కొట్టేవారట!

మీరు వెళితే ఇది స్వయంగా చూడవచ్చు. బాలాహిస్సారు వాకిలి దగ్గర గుమ్మటం కప్పు ఉన్న మంటపం ఒకటి ఉంది. దాని కింద నిలబడి ఒకరు గట్టిగా చప్పట్లు కొడితే, సుమారు 120 మీటర్ల ఎత్తున్న కొండమీద నిలబడినవారికి వినిపిస్తుంది. కాని పైవారికి చప్పట్లు కొట్టే మనిషి మాత్రం కనిపించడు. కప్పు అడ్డం! వెలుతురు రాలేని చోటికి శబ్దం ఎలా వచ్చింది?

కాంతీ, శబ్దమూ రెండూ అలలుగానే ప్రయాణం చేస్తాయి. అయితే ఆ అలల కొలతల్లో చాలా తేడా ఉంది. మన మాటల్లో, చప్పట్లలో ఉండే అలలు జానెడు, మూరెడు, బారెడు పొడుగుంటాయి. కాంతి అలలో, ఒక్క వెంట్రుక మందంలో వందకు పైగా ఇముడుతాయి! పెద్ద అల ద్వారబంధాలనూ, గోడ మూలలనూ చుట్టుకుని అవతలికి పోగలదు. చిన్న అల తిన్నగా పోతుంది. అందుకే పక్కగదిలో ఉన్న అమ్మ పిలుపు మీకు వినిపిస్తుంది గాని, అమ్మ కనిపించదు.

గుమ్మటం చేసే పని కూడా ఇలాటిదే. దాని లోపలివైపు మీ ముఖం చూసుకోలేరు. కాంతి అలలకు ఆ సున్నపు గోడ గుట్టలూ మిట్టలుగా ఉంటుంది, అందుచేత వెలుతురు చెదిరిపోతుంది. కాని బారెడు అలకు ఆ గరుకు ఒక లెక్కలోది కాదు. శబ్దానికి అది నున్నని అద్దమే! చప్పుడు ఆ వంపుకు తగిలి, కూడుకుని, బయటికి తిరుగుతుంది. నాలుగడుగులు పక్కకు జరిగి చప్పట్లు కొడితే పైకి అంత బాగా వినిపించదు.

కాపలావాడికి దీపంకన్న చప్పట్లే ఎందుకు మేలో ఇప్పుడు తెలిసింది గదా? దీపాన్ని చూడాలంటే కన్ను అటువైపే ఉండాలి. చెవికి ఆ బాధ లేదు. నిద్రపోతున్నవాడిని కూడా చప్పుడు లేపుతుంది.

అయితే పరుగుపందెంలో శబ్దం కాంతికి సాటిరాదు. గాలిలో శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాంతి సెకండుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక్క సెకండులో భూమిని ఏడుసార్లు చుట్టి రాగలంత దూరం! ఈ తేడాతో టేపు లేకుండానే దూరం కొలవవచ్చు. ఒకరు గుమ్మటం కింద చప్పట్లు కొట్టాలి. ఇంకొకరు బయట, పైకి కనిపించేచోట నిలబడి, సరిగ్గా ఆ క్షణంలోనే తెల్లని చేతిరుమాలు ఊపాలి. మీరు పైన గడియారంతో ఉండండి. రుమాలు కదిలినప్పటినుంచి చప్పుడు వినిపించేదాకా ఎన్ని సెకండ్లు పట్టిందో చూసి, దాన్ని 340తో హెచ్చించండి. ఒక సెకండైతే 340 మీటర్లు, ఒకటిన్నర అయితే 510 మీటర్లు.

ఇంకో పెద్ద తేడా ఉంది. శబ్దానికి మోసేవాళ్ళు కావాలి. గాలి కణాలు ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఒకదాన్నొకటి తోస్తూ దాన్ని చేరవేస్తాయి. గాలికన్న నీటిలో శబ్దం నాలుగింతలకు పైగా వేగంగా పోతుంది. ఇనుములో ఇంకా వేగం. కాంతి సంగతి దీనికి తలకిందులు. అది విద్యుత్ బలమూ, అయస్కాంత బలమూ కలిసి ఊగే అల. దానికి మోసేవాళ్ళతో పనిలేదు. నీటిలోకి దిగితే దాని వేగం తగ్గుతుంది, శూన్యంలోనే అన్నిటికన్న ఎక్కువ. కొండమీద మీ వీపు కాల్చే ఎండ 15 కోట్ల కిలోమీటర్లు శూన్యంలో నడిచి, 8 నిమిషాల 20 సెకండ్లలో మీ దగ్గరికి వచ్చింది. సూర్యుడి రొద మాత్రం మనకు చేరదు. దారి పొడుగునా గాలి ఉన్నా, అది వచ్చేసరికి 14 ఏళ్ళు పట్టేది!

వానాకాలంలో కోటకు వెళితే ఈ లెక్క ఒకటి తప్పక గుర్తుంచుకోండి. మెరుపూ, ఉరుమూ ఒక్కసారే పుడతాయి. మెరుపు వెంటనే కనిపిస్తుంది, ఉరుము నింపాదిగా వస్తుంది. మెరిసిన తరువాత లెక్కపెట్టండి: మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. 30 సెకండ్లలోపల ఉరిమితే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉందన్నమాట. అసలు లెక్క కుదరకపోయినా, ఉరుము వినిపించిందంటే ప్రమాదం దగ్గరే అనుకోవాలి. కొండకొమ్మున నిలబడకండి, చెట్టు కిందికి పోకండి. నాలుగు గోడలున్న గట్టి ఇంట్లోకో, పైకప్పు ఉన్న కారులోకో వెళ్ళి, చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగండి. పొలంలో ఉండే నాన్నకూ, తాతకూ కూడా ఈ మాట చెప్పండి. ఒకప్పుడు చప్పట్లు సుల్తానును హెచ్చరించినట్టు, ఉరుము మనని హెచ్చరిస్తుంది.