సముద్రం అడుగున అమ్మల వాడ!

రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి అక్కని లేపేశాను. "ఏమైందే? అందరూ బాగానే ఉన్నారా?" అని కంగారుపడింది. "అక్కా, సముద్రం అడుగున ఆక్టోపస్‌లకి ఒక ఊరుంది!" అన్నాను. తిడుతుందనుకున్నా. వీడియో పంపమంది!

మీరూ చూడండి! ఇవాళే చూడండి!

కాలిఫోర్నియా తీరానికి దూరంగా, డేవిడ్‌సన్ అనే సముద్రపు కొండ పాదాల దగ్గర, 3,200 మీటర్ల లోతు. కటిక చీకటి. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 300 కిలోల పైగా బరువు! అలాంటి చోటికి ఓడ మీంచి పొడవాటి కేబుల్ కట్టి ఒక రోబోను దింపారు. పేరు డాక్ రికెట్స్. వ్యానంత ఉంటుంది! లైట్లు, కెమెరాలు, ఇనప చేతులు! నడిపేవాళ్లేమో పైన ఓడలో, తెరల ముందు కూర్చునుంటారు!

లైటు పడింది. రాళ్ల మీద ముత్యాలు! లేత, నున్నటి, మిలమిలలాడే ముత్యాలు!

దగ్గరికెళితే ప్రతి ముత్యమూ ఒక ఆక్టోపస్! ఒక తల్లి! తలకిందులుగా, చేతులు వెనక్కి మడిచి, గుడ్లని కప్పుకుని కూర్చుంది. దాని పక్కన ఇంకో తల్లి. ఆ పక్కన ఇంకోటి. కెమెరా ఎంత జరిగినా వరస అయిపోదే!

సముద్రంలో ప్రాణుల్ని లెక్కపెట్టాలంటే వల వేసి, పైకి లాగి, ఎంచడమే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ! ఇక్కడ వల వేస్తే ఏం మిగులుతుంది? గూళ్లన్నీ చెదిరిపోవూ! జెల్లీచేపల్లాంటి మెత్తటివైతే వలలో ముద్దయిపోయి అసలు లెక్కకే రావట!

రోబో అలా చెయ్యదు. నేలకి కాస్త పైన, పొలం దున్నినట్టు చాలు వెంట చాలు తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. లేజర్ కిరణాలతో మిట్టపల్లాలు కొలుస్తుంది. ఆ ఫొటోలన్నీ బొంత కుట్టినట్టు కలిపితే వాడ మొత్తం పటమైపోతుంది! ఆ పటం మీద ఒక్కో తల్లినీ ఎంచారు. రెండున్నర హెక్టార్లలో, అంటే మన లెక్కన ఆరెకరాల్లో, 6,000 దాకా! ఊరంతా కలిపితే 20,000 ఉండొచ్చని మాంటెరీ బే అక్వేరియం పరిశోధన సంస్థ అంచనా. ఇరవై వేలు! 2018లో నాటిలస్ అనే పరిశోధన ఓడవాళ్ల రోబో కంటబడేదాకా ఈ ఊరి సంగతి ఎవరికీ తెలీదు!

మరి అక్కడే ఎందుకు చేరాయి? ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. చుట్టూ నీళ్లు 1.6 డిగ్రీలు, మంచు నీళ్లే! కానీ ఆ రాళ్ల సందుల్లోంచి వెచ్చటి ఊటలొస్తున్నాయి, 11 డిగ్రీల దాకా! ఆ వెచ్చదనం కంటికి కనిపిస్తుంది కూడా! మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద గాలి వణుకుతుంది చూడండి, అచ్చం అలా నీళ్లు వణుకుతుంటాయి!

ఆ వెచ్చదనానికి గుడ్లు రెండేళ్లలోపే పిల్లలవుతాయి. మాంటెరీ లోయలో 1,400 మీటర్ల లోతున మరో జాతి తల్లి, చల్లటి నీళ్లలో, ఒకే రాతిని పట్టుకుని 53 నెలలు పొదిగింది! రోబో మళ్లీ మళ్లీ వెళ్లి చూసింది కాబట్టే ఆ సంగతి తెలిసింది. వెళ్లిన ప్రతిసారీ అదే తల్లి, అదే చోటు, ఇంకాస్త పాలిపోయి, ఇంకాస్త చిక్కిపోయి!

నాటిలస్ రోబోలు దిగేటప్పుడు ఇంటర్నెట్‌లో లైవ్ వస్తుంది. గదిలో దీపాలార్పి, పెద్ద తెర మీద చూడండి. ఈసారి దిగినప్పుడు అక్క మా ఇంటికే వస్తానంది!