లంకలో టైమ్‌టేబుల్ గేదెలదే!

రావులపాలెంలో బస్సు దిగి, కొత్తపేట, అంబాజీపేట మీదుగా పి.గన్నవరం చేరేదాకా కోనసీమ మీరు రీల్స్‌లో చూసినట్టే ఉంటుంది. కొబ్బరితోటలు, కాలువగట్లు, సైకిళ్ల మీద అరటి గెలలు. చాలామంది వైనతేయ మీదున్న అక్విడెక్ట్ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వెళ్లిపోతారు. నది మీదుగా కాలువ పారడమంటే వింతే మరి! పాతది బ్రిటిష్ కాలం నాటిది. కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

మా అమ్మమ్మగారి ఊరికి మాత్రం అక్కణ్నుంచి రేవుకెళ్లి పడవెక్కాలి. గోదావరి పాయల మధ్య ఒండ్రు, ఇసుక మేటవేసి ఏర్పడ్డ దీవుల్నే ఇక్కడ లంకలంటారు. వేసవిలో అయితే కాజ్‌వే మీద బైక్ కూడా వెళ్తుంది. నేను ల్యాప్‌టాప్ సర్దుకుని వారం రోజులకని వెళ్లింది ఆగస్టులో. ఏట్లో నీళ్లప్పటికే ఎర్రబడ్డాయి.

తాతయ్యకి 78 ఏళ్లు. తెల్లారుజామున నాలుగింటికే లేచిపోతాడు. అలారం ఉండదు, పెద్ద గేదె ఒక్కసారి అరుస్తుందంతే. రెండు గేదెలకీ పాలు పితికి, దూడకి వదిలి, క్యాను సైకిల్‌కి తగిలించుకుని ఆరింటి పడవ అందుకోవాలి. పాలకేంద్రం అవతలి గట్టున ఉంది. తిరిగొచ్చాక కుడితి, గడ్డి, పేడకళ్లు. తొమ్మిదింటికి చద్దన్నంలోకి ఆవకాయ. అప్పటికి నా ఆఫీస్ లాగిన్ కూడా అయ్యేది కాదు. ఇంకో మెంబరు కుక్క. మావయ్య కొడుకు దానికి టైసన్ అని పేరు పెడితే తాతయ్య నోట్లో అది 'డైసను' అయింది. ఏ పేరుతో పిలిచినా పలకదు, పాలక్యాను మూత చప్పుడికి మాత్రం ఎక్కడున్నా వచ్చేస్తుంది.

కోళ్లు అమ్మమ్మ డిపార్ట్‌మెంట్. ఒక పెట్టని 11 గుడ్ల మీద పొదగేసి, క్యాలెండర్‌లో తేదీ చుట్టేసింది. 21 రోజులు లెక్క. నేను వెళ్లిన సోమవారానికి 16 రోజులు. శనివారం పిల్లలు రావాలి.

మంగళవారం రాజమండ్రి నుంచి మావయ్య ఫోన్. "ఈ వయసులో నీకెందుకు నాన్నా? గేదెల్ని అమ్మేసి మా దగ్గరకొచ్చేయండి." మావయ్యది అన్యాయమని నేననను. కిందటేడు తాతయ్య పాకలో జారిపడి నెల్రోజులు భుజం ఎత్తలేకపోయాడు. బుధవారం బేరగాడు వచ్చాడు కూడా. తాతయ్య కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, వానల గురించి మాట్లాడాడు, పాకవైపు మాత్రం తీసుకెళ్లలేదు. అతను వెళ్లాక నేనే అడిగాను, "అమ్మేస్తే నీకు తేలికే కదా తాతయ్యా?" అని.

"అమ్మేస్తే పొద్దున్నే ఎందుకు లేవాలే బుజ్జీ?" అన్నాడు.

గురువారం భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు, అంటే మొదటి ప్రమాద హెచ్చరిక. నేను ఫోన్‌లో అప్‌డేట్స్ చదువుతుంటే తాతయ్య రేవులో నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చాడు. సాయంత్రానికి పుల్ల మునిగిపోయింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకలో చిన్నపిల్లల్ని లేపి అడిగినా ఈ అంకెలు చెప్తారు. తాతయ్య మాత్రం మొదటిదాకా కూడా ఆగడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో, రాత్రికి రాత్రే ఆయన గేదెలు నాలుగు కొట్టుకుపోయాయి. "పలుపులు విప్పే టైము కూడా ఇవ్వలేదు గోదారి," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

శుక్రవారం తెల్లారగానే దాటించడం మొదలుపెట్టాం. ఉరవడి పెరిగితే గేదె కూడా ఈదలేదు, అందుకే ఈ తొందర. పడవలో తాతయ్య పలుపు పట్టుకుని కూర్చుంటే, పక్కనే పెద్ద గేదె మూతి పైకెత్తి ఈదుకుంటూ వచ్చింది. దూడ నా కాళ్ల దగ్గర వణుకుతోంది. అమ్మమ్మ ఒళ్లో గంప, గంపలో పెట్ట, పెట్ట కింద 11 గుడ్లు. "కుదుపు లేకుండా పోనీవయ్యా," అని పడవబ్బాయికి పదిసార్లు చెప్పింది. "ఆయ్, అలాగేనండీ," అంటూనే ఉన్నాడతను. రెండో గేదెకి మళ్లీ ట్రిప్పు. నడి ఏట్లో అది పక్కకి కొట్టుకుపోబోతే తాతయ్య పాత భుజంతోనే లాగిపట్టాడు. గట్టెక్కాక ఆ చెయ్యి పైకి లేవలేదు.

ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద మకాం. అటూ ఇటూ మాలాంటివాళ్లే, ఎవరి పశువులతో వాళ్లు. శనివారం రాత్రి గంపలోంచి కిచకిచలు. తొమ్మిది పిల్లలొచ్చాయి. అమ్మమ్మ ఫోన్ లైటుతో మూడుసార్లు లెక్కపెట్టింది.

ఆదివారం మావయ్య, అత్తయ్య, పిల్లలు మినీ వ్యాన్‌లో వచ్చారు. వ్యాన్ నిండా ఎండుగడ్డి. మధ్యాహ్నం తాతయ్య, మావయ్య గట్టు చివర చాలాసేపు కూర్చున్నారు. తిరిగొచ్చి, "నీళ్లు తగ్గాక పెద్దదాన్ని ఇచ్చేస్తాలే," అన్నాడు తాతయ్య, ఎవరివైపూ చూడకుండా. చిన్నదీ దూడా ఉంటాయి. మావయ్య ఏమీ అనకుండా వెళ్లి పెద్ద గేదె ముందు గడ్డి వేశాడు.

"పాలకేంద్రం పక్కనే కదా, రేపు పడవ తొందర్లేదు, ఇంకో గంట పడుకోవచ్చు," అన్నాను. "ఆఁ, పడుకుంటా," అన్నాడు.

నాలుగింటికి పెద్ద గేదె అరిచింది.