బస్తర్‌లో ఒక జలాంతర్గామి

బస్తర్‌కు సముద్రం లేదు. సముద్రం చూడాలంటే జగదల్‌పూర్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి, తూర్పు కనుమలు దిగి విశాఖపట్నం చేరాలి. అయినా ఈ అడవి సీమకు, ఆ తీరానికి సంబంధం పాతదే. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. తర్వాత అదే ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టంలో పంపే ఏర్పాటు కూడా వచ్చింది. అన్నేళ్లుగా ఇక్కడి ఇనుము అక్కడికి పోతుంటే, నేను మాత్రం అక్కడి నుంచి ఇక్కడికి ఒక జలాంతర్గామిని తెచ్చుకున్నాను.

జలాంతర్గామి అంటే దాని కొలతలు మాత్రమే. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురాను చూడని తెలుగువారు తక్కువ. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరిన ఈ బోటు 1971 యుద్ధంలో పాల్గొంది. 2001 ఫిబ్రవరిలో విరమణ పొంది, 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. జనం క్యూలో నిలబడి లోపలి గదులు, గేజీలు, ఇరుకు పడకలు చూసి వెళ్లిపోతారు. నన్ను ఆకర్షించింది మాత్రం దాని పొట్ట. నీళ్లలో ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని ఆ భాగమంతా ఇక్కడ పగటి వెలుతురులో బట్టబయలుగా ఉంటుంది. పక్కల వెంట నీరు లోపలికి, బయటికి పోయే రంధ్రాలు, వెనక మూడు ప్రొపెల్లర్లు, మునిగేటప్పుడు తేలేటప్పుడు బోటును ఒరగనీయని రెక్కలు అన్నీ చూడొచ్చు. నాలుగు సెలవు రోజులు దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాను, బొమ్మలు గీసుకున్నాను. జగదల్‌పూర్‌లోని అద్దె ఇంటి వరండాలో పని మొదలైంది.

కుర్సురా పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. 72వ వంతుకు కుదిస్తే పొడవు 127 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్ల పైచిలుకు. ఈ కొలతను ఎంచుకోవడానికి కారణం ఏ పుస్తకంలోనూ లేదు. మా వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ఆ పొట్టలో సరిగ్గా ఇముడుతుంది. మోటార్లు, బ్యాటరీ, రిసీవర్ అన్నీ ఆ గొట్టంలో ఉంటాయి. దానికి రెండు వైపులా రబ్బరు రింగులు బిగించిన మూతలు. గొట్టం చుట్టూ ఫైబర్ గ్లాస్‌తో చేసిన పైతొడుగు. తొడుగులోకి నీరు రావచ్చు, గొట్టంలోకి మాత్రం చుక్క కూడా రాకూడదు.

బొమ్మ పడవను తేలేలా చేయడం సులువు. ముంచడం ఇంకా సులువు. మునిగిన దాన్ని నీటి మధ్యలో, పైకీ కిందికీ పోకుండా నిలబెట్టడమే కష్టం. నిజమైన కుర్సురా నీటిపై 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. ఆ తేడా 525 టన్నులు. పొడవు 72వ వంతుకు తగ్గితే బరువు 72ను మూడుసార్లు హెచ్చవేసినంత తగ్గుతుంది. అలా చూస్తే 525 టన్నులు కాస్తా 1.4 కిలోలవుతాయి. నా బోటు తొడుగులోకి నీరు తనంతట తానే వస్తుంది కాబట్టి అందులో సగం కన్నా తక్కువే చాలింది. అర లీటరు నీటిని లోపలికి తీసుకోవడానికి ఖాళీ సెలైన్ సంచి, తీసుకోవడానికీ తోడెయ్యడానికీ ఒక చిన్న గేర్ పంపు. సంచి నిండితే మునక, ఖాళీ అయితే తేలడం.

ఇలాంటి మోడళ్లు కాలక్షేపానికే కాదు. విశాఖలోనే డీఆర్‌డీవోకు చెందిన నౌకా విజ్ఞాన, సాంకేతిక పరిశోధనశాలలో 500 మీటర్ల పొడవైన తొట్టి ఉంది. నౌకలు, జలాంతర్గాముల నమూనాలను అందులో లాగి, నీరు ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడు విలియం ఫ్రౌడ్. 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీ దగ్గర ఆయన తొట్టి కట్టించాడు. నమూనా వేగం, అసలు వేగాన్ని కొలత నిష్పత్తి వర్గమూలంతో భాగించినంత ఉంటే అలలు ఒకేలా లేస్తాయన్నది ఆయన సూత్రం. నీటి అడుగున కుర్సురా వేగం గంటకు 15 నాటికల్ మైళ్లు. ఆ లెక్కన నా బోటు సెకనుకు 90 సెంటీమీటర్లు పోవాలి. అంటే గట్టు మీద తీరిగ్గా నడిచే మనిషి దాని పక్కనే నడవొచ్చు.

అసలు చిక్కు రేడియో దగ్గర వచ్చింది. ఇప్పుడు బొమ్మ విమానాలకు, డ్రోన్లకు వాడే రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగాలను నీరు మింగేస్తుంది. కొద్దిపాటి లోతుకు వెళ్లగానే బోటుకు మన మాట వినిపించదు. అందుకే జలాంతర్గామి బొమ్మలు చేసేవాళ్లు పాతకాలపు 27, 40 మెగాహెర్ట్జ్ రిమోట్లను వదలరు. మంచినీటిలో అవి మీటరు, రెండు మీటర్ల లోతు వరకు పనికొస్తాయి. ఉప్పునీటిలో అవీ కష్టమే. నౌకాదళాలకూ ఇదే సమస్య. సముద్రంలో ఉన్న జలాంతర్గామికి కబురు పంపాలంటే అతి తక్కువ పౌనఃపున్యం, అతి పెద్ద యాంటెన్నాలు కావాలి. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఉన్నది అందుకే. తెలంగాణలో వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో రెండో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేసిందీ అందుకే. చెట్లు పోతాయని అక్కడ పర్యావరణవాదులు ఆందోళన చేస్తున్నప్పుడు, నీళ్లలోని బోటుకు అడవితో పనేమిటని చాలామంది అడిగారు. నా వరండాలో ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

ప్రొపెల్లర్ల కోసం కొండగావ్ వెళ్లాను. జగదల్‌పూర్‌కు రాయ్‌పూర్ దారిలో ఉన్న ఆ ఊరు ఢోక్రా లోహశిల్పానికి పేరుపడింది. ఘడ్వా కులస్థులు తరతరాలుగా చేస్తున్న పని అది. మట్టితో లోపలి ఆకారం చేసి, తేనెమైనాన్ని దారంలా లాగి దానిపై చుట్టి, మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఒక్కో అచ్చు ఒక్కసారికే. దాన్ని పగలగొడితేగాని లోపలి వస్తువు బయటికి రాదు. నా కాగితం మీది బొమ్మలు చూసి అక్కడి పెద్దాయన మొదట నవ్వాడు. "మేం ఏనుగులు చేస్తాం, దేవతల్ని చేస్తాం. అవేవీ తిరగవు బాబూ" అన్నాడు. కాసేపు ఆగి, "ఇవి మూడూ ఒకవైపే తిరుగుతాయా?" అని అడిగాడు. ఇంజినీరింగ్ చదివిన మిత్రులెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. పక్కల రెండూ ఎదురెదురుగా తిరుగుతాయని చెప్పాను. నెలన్నర తర్వాత ఇచ్చిన మూడు ప్రొపెల్లర్లలో రెక్కల వంపు సరిగ్గా ఉంది. బరువు సమంగా లేని చోట్ల ఆకురాయితో రుద్దాల్సి వచ్చింది. నడిమి గుబ్బ చుట్టూ మాత్రం ఆయన రెండు వరసల మైనపు దారం డిజైన్ వేశాడు. సోవియట్ ఇంజినీర్లకు తట్టని ఆ అలంకారాన్ని నేను ముట్టుకోలేదు.

ఇదంతా చెన్నైలోనో పుణేలోనో జరిగితే కథ ఇంతటితో అయిపోయేది. కానీ పీవీసీ గొట్టం, బ్యాటరీలు, తీగలు, రిమోట్ అనే నాలుగు మాటలు బస్తర్‌లో ఒకే సంచిలో ఉంటే వాటి అర్థం వేరు. 2023 ఏప్రిల్‌లో దంతేవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర రోడ్డు కింద పేలిన మందుపాతర పదిమంది జవాన్లను, వారి డ్రైవర్‌ను బలి తీసుకుంది. 2025 జనవరిలో బీజాపూర్ జిల్లాలో మరో పేలుడు ఎనిమిది మంది జవాన్లను, డ్రైవర్‌ను చంపింది. ఆ తర్వాత నాలుగు నెలలకే అబూజ్‌మాడ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, సిక్కోలు జిల్లాకు చెందిన నంబాల కేశవరావు మరణించాడు. రాజ్యమంటే ఒక భూభాగంలో న్యాయబద్ధమైన హింసపై గుత్తాధిపత్యం ఉన్నదని మాక్స్ వెబర్ చేసిన నిర్వచనాన్ని ఎం.ఏ.లో బట్టీ పట్టాను. ఆ గుత్తాధిపత్యం కోసం నాలుగు దశాబ్దాలకు పైగా పోరు సాగిన చోట టిఫిన్ డబ్బా, ప్రెషర్ కుక్కర్ కూడా అనుమానితులే. అందుకే పని మొదలుపెట్టక ముందే పోలీసులకు రాసి, ఇది బొమ్మ అని ఒక ఉత్తరం తీసుకున్నాను. కుర్సురాకు ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలున్నాయి. కొందరు మోడల్ తయారీదారులు వాటిని నిజంగా పేలుస్తారు. నేను మూతలు గీసి ఊరుకున్నాను.

ఒక తనిఖీ కేంద్రం దగ్గర సంచి విప్పించారు. జవాన్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఉత్తరం చదివిన కుర్రాడు నా పేరు చూసి తెలుగులో అడిగాడు.

"ఏ ఊరు సార్ మీది?"

చెప్పాను. అతనిది శ్రీకాకుళం వైపు. బోటును చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బీచ్‌లో ఉన్నదే కదా సార్! చిన్నప్పుడు మా నాన్న చూపించాడు."

"అదే తమ్ముడూ."

"మరి నీళ్లలో మునిగాక పైకి రాకపోతే?"

మంచి ప్రశ్న. దానికి జవాబు దళపత్ సాగర్‌లో చూసుకోవాల్సి ఉంది. కాకతీయ వంశానికి చెందిన బస్తర్ రాజు దళపత్ దేవ్ తవ్వించిన చెరువు అది. గుర్రపుడెక్క ఆక్రమించని ఒక మూల చూసుకుని డిసెంబర్ ఉదయాన బోటు దించాను. సంచి నిండింది. ముందు డెక్, తర్వాత పైబురుజు, చివరికి పెరిస్కోపు నీటి కిందికి వెళ్లాయి. గట్టు మీది పిల్లలు గోల ఆపేశారు. అప్పుడు కావాలనే రిమోట్ ఆపేశాను. సిగ్నల్ తెగిన ఐదు సెకన్లకు, ఎవరూ చెప్పకుండానే పంపు సంచిలోని నీటిని తోడెయ్యాలి. మిగతాదంతా ఎంత బాగా చేసినా, ఈ ఒక్క ఏర్పాటు పనిచేయకపోతే బోటు చెరువుదే. ఐదు సెకన్లు గడిచాయి. పది గడిచాయి. బోటు వెళ్లిన వైపు గుర్రపుడెక్క కనిపిస్తోంది. నలభైకి దగ్గరవుతుండగా, అనుకున్నదానికి ఎడమవైపు, రెండు ఆకుల్ని నెత్తిన పెట్టుకుని పైకొచ్చింది. వార్తల కోసం వెళ్లిన చోటల్లా తిరిగిరానివాళ్ల లెక్క రాసుకోవడం అలవాటైన నాకు, ఒకటి తిరిగి రావడం చూడటం అంత ఆనందమిస్తుందని తెలియదు.

ఆ పిల్లల్లో పదో తరగతి చదువుతున్న గోండు కుర్రాడు అప్పటి నుంచి ప్రతి ఆదివారం వరండాకు వస్తున్నాడు. ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో ఉంటాడు. సొంతంగా బోటు చేయాలని అతని పట్టుదల. నా దగ్గరున్న రెండో మోటారు, పాత రిమోట్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే నా సంచి విప్పినప్పుడు నన్ను కాపాడింది నా అమాయకత్వం కాదు. ప్రెస్ కార్డు, ఉత్తరం, తనిఖీ చేసేవాడితో కలిసిన భాష. అడవిలోని సొంతూరికి బస్సులో వెళ్లే పదహారేళ్ల ఆదివాసీ కుర్రాడి సంచిలో అవే బ్యాటరీలు, అదే గొట్టం, అదే రిమోట్ కనిపిస్తే సంభాషణ కుర్సురా దాకా వెళుతుందన్న నమ్మకం నాకు లేదు. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని తుడిచిపెడతామని కేంద్రం గడువు పెట్టుకుంది. సంచిని చూసి భయపడే అలవాటు పోవడానికి మాత్రం ఎవరూ గడువు పెట్టలేదు.

అతని పేరుతోనూ ఒక ఉత్తరం కావాలని దరఖాస్తు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా అతను బ్యాటరీ, తీగ అక్కర్లేని బోటు చేసుకున్నాడు. ప్లాస్టిక్ సీసా, అందులో బెలూను, రెండు మీటర్ల సెలైన్ పైపు, చివర ఒక సిరంజి. సిరంజితో గాలి లాగితే మునుగుతుంది, ఊదితే తేలుతుంది. హాస్టల్ వెనక నీటి తొట్టిలో జూనియర్లకు దాన్ని చూపించి, ఎందుకు మునుగుతుందో గోండీలో వివరిస్తున్నాడట.