దమ్ము తొక్కే రాక్షసబల్లి

వదినగారూ, ఓసారి ఇటు గోడ దగ్గరకు రండి. మీ గోంగూర పచ్చడి గిన్నె తెచ్చాను. ఉత్త గిన్నె ఇవ్వకూడదని నాలుగు మునక్కాడలు వేశాను, లేతవి, ఇవాళే కోశాను. మొన్న అడిగారు కదా, మావాడి గదిలో అర్ధరాత్రిదాకా లైటెందుకు వెలుగుతోందని? అప్పుడు కుక్కర్ కూత పెడుతుంటే "చదువుకుంటున్నాడు" అనేసి లోపలికి పోయాను. చదువు కాదండీ. వాడో జంతువును తయారుచేస్తున్నాడు. బొమ్మ గీయడం ఒక్కటే కాదు, అదేం తింటుంది, ఎప్పుడు బెదురుతుంది, మనిషికి ఎలా మాలిమి అవుతుంది, అయ్యాక ఏం పని చేసిపెడుతుంది, అన్నీ రాస్తున్నాడు. మొదట్లో నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు వాడికంటే నాకే ఎక్కువ పట్టుకుంది.

ఆర్క్ సర్వైవల్ ఇవాల్వ్‌డ్ అని ఒక వీడియో గేమ్ ఉంది, ఇదంతా దానికోసమే. స్టూడియో వైల్డ్‌కార్డ్ అనే అమెరికా కంపెనీది. 2015లో సగం వండిన కూరలా ఉండగానే జనం చేతికిచ్చారు, 2017కి పూర్తిచేశారు, మళ్ళీ 2023లో కొత్త రూపంలో తెచ్చారు. ఆట మొదలవగానే ఒంటిమీద గోచీ తప్ప ఏమీ లేకుండా సముద్రం ఒడ్డున కళ్ళు తెరుస్తాం. చెట్టును పిడికిలితో గుద్ది పుల్లలు, గడ్డి రాబట్టుకోవాలి. రాళ్ళేరుకుని పనిముట్టు కట్టుకోవాలి. ఈలోపు చలి, ఎండ, ఆకలి. చుట్టూ భూమ్మీంచి ఎప్పుడో పోయిన జంతువులన్నీ తిరుగుతుంటాయి. రాక్షసబల్లులే కాదు, మారిషస్‌లో మనుషుల చేతుల్లో అంతరించిపోయిన డోడో పక్షి కూడా ఆ ఒడ్డునే అమాయకంగా పొర్లాడుతూ ఉంటుంది. వాటిని చంపి తినొచ్చు. కానీ బతికి బట్టకట్టాలంటే మచ్చిక చేసుకోవాలి. ఆట ప్రాణమంతా అక్కడుంది.

మచ్చిక ఎలాగంటారా? చాలావాటికి మత్తుమందు బాణం. మత్తుపండ్లూ కుళ్ళిన మాంసమూ కలిపి నూరి ఆ మందు చేసుకుంటారు. జంతువు పడిపోయాక దాని పక్కనే కాపలా కూర్చుని, మెలకువ రాకుండా చూసుకుంటూ, దానికి ఇష్టమైన మేత పెడుతుండాలి. పెద్దవాటికైతే చాలాసేపు పడుతుంది. పడుకున్నప్పుడు ఇంకో దెబ్బ తగిలిందా, మాలిమి నాణ్యత తగ్గిపోతుంది. ఇది నాకంత నచ్చలేదు, మందు పెట్టి లొంగదీసుకోవడమేమిటని. మావాడన్నాడు, "అన్నిటికీ అదే కాదమ్మా, చూడు" అని. అడవి గుర్రానికి చేత్తో మేత పెట్టి, మీదెక్కి, అది ఎగిరెగిరి పడుతుంటే పట్టుకుని కూర్చుని మళ్ళీ పెట్టాలట. హయినోడాన్ అని, తోడేలులాంటి పాత మృగం, దాన్ని వంగి వంగి వెనకగా వెళ్ళి నిమరాలి, బెదరకుండా చూసుకోవాలి. టైటనోబోవా అనే కొండచిలువకైతే దగ్గర గుడ్డు వదిలి తప్పుకోవాలి. ఒక్కోదాని గుణానికి ఒక్కో దారి.

అది విన్నాకే నాకు మా పుట్టింటి గేదె గుర్తొచ్చింది. మీకు చెప్పానో లేదో. నాన్న సంతలో కొనుక్కొచ్చాడు, రెండో ఈత, మంచి కట్టు. ఇంటికొచ్చాక మూడ్రోజులు చేపలేదు. పొదుగు రాయిలా ఉంది, చుక్క రాదు. అమ్మ చన్నీళ్ళతో కడిగింది, దూడను వదిలింది, కుడితిలో తెలగపిండి కలిపి పెట్టింది. కుడితి తాగింది, పాలు మాత్రం ఎగబట్టింది. చెయ్యి వేస్తే కాలు విసిరేది. నాలుగోనాడు మా నాయనమ్మ, అమ్మినవాళ్ళింటికి మనిషిని పంపి అక్కడ పాలు పితికే ఆవిడ కట్టి విడిచిన చీర తెప్పించింది. ఆ చీర కొంగు అమ్మ తలమీదుగా కప్పుకుని కూర్చుంది. గేదె ఒకసారి తల తిప్పి వాసన చూసింది. చెవులు వదిలేసింది. అంతే, చెంబులో పాలు మోగాయి. పదిరోజులు ఆ చీరతోనే పితికి, తర్వాత రోజుకింత చొప్పున కొంగు పక్కకు జరుపుతూ వచ్చింది అమ్మ. చివరికి చీర అక్కర్లేకుండా పోయింది.

ఇది చెబితే మావాడు పెన్సిల్ పక్కన పెట్టేశాడు వదినగారూ. "అమ్మా, ఇది ఎవ్వరూ రాయలేదు" అన్నాడు.

అంతకుముందు వాడు గీసిన జంతువు నాకస్సలు నచ్చలేదు. మూడు కొమ్ములు, వీపునిండా ముళ్ళు, నోట్లో నిప్పు. ఏం తింటుందిరా అంటే "మాంసం" అన్నాడు. ఏ మాంసం, రోజుకెంత, నీళ్ళెక్కడ తాగుతుంది, పిల్లల్ని ఎక్కడ దాస్తుంది అంటే నోరు పెగల్లేదు. కోరలు చూసి భయపడతాం గానీ కోరలు చూసి దగ్గరవుతామా? పశువును తెలుసుకోవడం దాని మేత దగ్గర మొదలవుతుంది. మనూళ్ళో ఎద్దుల్ని కొనేవాడు కొమ్ములు చూసినా, గాటి దగ్గర అది ఎలా నెమరేస్తోందో చూసి గానీ బేరం ముగించడు.

ఆ ఆట చేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు, అందుకే నాకు వాళ్ళంటే గౌరవం కలిగింది. అందులో ప్రతి జంతువుకూ ఒక కాగితం ఉంటుంది, హెలెనా అనే జీవశాస్త్రవేత్త పాత్ర తన నోట్‌బుక్‌లో రాసుకున్నట్టుగా. పైన పేరు, ఏ కాలంది, ఏం తింటుంది, స్వభావమేమిటి. కింద అడవిలో ఎలా ఉంటుందో కొంత, ఇంటికి తెచ్చుకుంటే ఎలా ఉంటుందో కొంత. ఈ రెండో ముక్కే అసలు. ఆంకైలోసారస్ అని తోక చివర గదలా ఉంటుందే, అది ఆ తోకతో రాళ్ళు కొట్టి లోహం తీసిపెడుతుంది. పెద్ద ఎలుగంత బీవర్ కలప కొడుతుంది. బ్రాంటోసారస్ వీపుమీద ఏకంగా ఇల్లే కట్టుకోవచ్చు. డిప్లోడోకస్ పది మందికి పైగా మోస్తుంది, ఎవర్నీ కరవదు, ఊరికే మూతితో తోస్తుంది. అన్నిట్లోకీ నాకు నచ్చింది పేడపురుగు. పేడ వేస్తే ఎరువూ నూనే ఇస్తుంది. పంటమడి పెట్టుకున్నవాడు దాన్ని గూట్లో పెట్టి చూసుకుంటాడట. అన్ని భయంకరమైన మృగాల మధ్య పేడ గురించి ఆలోచించిన మనిషి ఎవరో, తప్పకుండా వ్యవసాయం ఎరిగినవాళ్ళే అయ్యుంటారనిపించింది.

బలం ఇచ్చినచోట లోపమూ పెడతారు. జైగనోటోసారస్ అందులో మహా బలమైనది, కానీ దెబ్బలు తిని తిని కోపం తలకెక్కితే మనవాడా పరాయివాడా అని చూడదు. లోపం లేని జంతువైతే అందరూ అదొక్కటే పెంచుకుంటారు, మిగతావన్నీ దండగైపోతాయి. మావాడి నిప్పుల జంతువు అలాంటిదే. అదుంటే ఇంకోటక్కర్లేదు. అదే దాని జబ్బు.

కొత్త జంతువుల్ని ఆడేవాళ్ళే ఊహించి పంపుతుంటారట. వాళ్ళు ఓట్లేసి ఎన్నుకున్నవి కొన్ని నిజంగానే ఆటలోకి వచ్చాయి. మావాడి ఆశ అదే. అప్పుడు నేనన్నాను, "ఎక్కడెక్కడివో ఎందుకురా, మన గోదావరి జంతువు ఉంది కదా" అని.

మీరు బిర్లా మందిరం దగ్గర సైన్స్ సెంటర్‌కి వెళ్ళారా? ప్లానెటేరియం పక్కనే. లోపల ఒక పెద్ద ఎముకల గూడు నిలబెట్టి ఉంటుంది, పొడుగాటి మెడ, పొడుగాటి తోక. దాని పేరు కోటసారస్. మన తెలంగాణలో, యామన్‌పల్లి దగ్గర దొరికింది. 1970లలో జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వితే 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని. ఊరి పేరు దాని ఇంటిపేరైంది చూడండి! కోట అంటే మన కోట గోడ కాదు, ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది, ఆ రాతిపొరలకు ఆ పేరొచ్చింది. జురాసిక్ కాలం నాటి రాళ్ళు, 17 కోట్ల ఏళ్ళకు పైమాటే. తొమ్మిది మీటర్ల పొడవు, ఆకులూ అలములూ తినేది. అవే రాతిపొరల్లో ఇంకో పెద్దది దొరికితే కలకత్తా వాళ్ళు బారాపాసారస్ టాగోరై అని రవీంద్రుడి పేరు పెట్టుకున్నారు. దాన్ని అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు. లెక్కలు చెప్పే బడిలో రాక్షసబల్లి! కానీ మనకు కోటసారసే దగ్గర.

నన్ను పట్టేసిన సంగతి వేరే ఉంది. ఆ 840 ఎముకలు ఒక్క జంతువువి కావు. కనీసం పన్నెండు జంతువులవి, అన్నీ ఒక్కచోటే. పన్నెండు, వదినగారూ. నాకు వెంటనే వాగు పొంగినప్పుడు మా ఊరి మంద గుర్తొచ్చింది. ముందున్న బర్రె నీళ్ళల్లో దిగితే వెనకవన్నీ దిగిపోతాయి. ఒడ్డుకు చేరినా కలిసే, పోయినా కలిసే. యామన్‌పల్లిలో ఏం జరిగిందో మనం చూడలేదు గానీ, పన్నెండూ ఒక్కచోట ఉన్నాయంటే అవి ఒకదాన్నొకటి విడిచి మేసేవి కావని నా మనసుకు తోచింది. వాడితో అన్నాను, "దీని గుణం నీకు ఎముకలే చెప్పేశాయిరా, ఇక నువ్వు కనిపెట్టాల్సింది మచ్చికా, పనీ" అని.

మూడు రాత్రులు కూర్చున్నాం. వాడు తోకతో శత్రువును కొట్టించాలంటాడు. నేనొద్దంటాను. ఆ పని చేసేవి ఆటలో ఇప్పటికే ఉన్నాయి. దీనికి నాలుగు బండకాళ్ళున్నాయి, మందగా నడుస్తుంది, ఏటి ఒడ్డున బతుకుతుంది. నాలుగు బండకాళ్ళు, మంద, బురద. మీకేం గుర్తొస్తోంది?

అదే. దమ్ము!

మా నాన్న దమ్ము చేసేటప్పుడు మోకాటి లోతు నీళ్ళలో ఎద్దులు తిరిగి తిరిగి, మట్టి వెన్నలా అయ్యేది. పైన చెయ్యి పెడితే వేళ్ళ మధ్యనుంచి జారిపోయేది. అలా తొక్కితే అడుగున మట్టి బిగుసుకుని నీళ్ళు ఇంకవు, కలుపు కుళ్ళి ఎరువవుతుంది. ఆటలో పంటమడికి నీళ్ళు తెచ్చుకోవాలంటే గొట్టాలు వేసుకోవాలి, ఎరువు పోయాలి. మా కోటసారస్ మంద ఒకచోట గంటసేపు తొక్కిందంటే ఆ నేల దమ్ము చేసిన మడి అవుతుంది, కొన్నాళ్ళపాటు నీటి గొట్టం అక్కర్లేదు. ఇది రాయగానే మావాడు ఎగిరి గంతేశాడు. ఇంతవరకూ ఏ రాక్షసబల్లీ దమ్ము తొక్కలేదు కదా మరి.

మచ్చిక నా గేదె నుంచే. దీన్ని మత్తులో పడేయకూడదు. పడేస్తే మంద మొత్తం పారిపోతుంది. మందలో ముసలిదాన్ని వెతుక్కోవాలి. అది మేసి వదిలిన ఆకు, అది పొర్లిన బురద ఒంటికి రాసుకుని, గాలివాలు చూసుకుని, ఊరికే దాని పక్కన నడవాలి. మొదటిరోజు చూసి తప్పుకుంటుంది. రెండోరోజు తల తిప్పి వాసన చూస్తుంది. మూడోరోజు మేత చేతిలోంచి అందుకుంటుంది. ఆ ముసలిది మాలిమైతే మిగతావి తమంతట అవే వెంటొస్తాయి. తర్వాత బురద కొద్దికొద్దిగా కడుక్కోవచ్చు, మా అమ్మ కొంగు జరిపినట్టు. ఒకేసారి కడుక్కుంటే మళ్ళీ మొదటికి.

లోపం కూడా పెట్టాం. ఒంటరిగా ఉంటే మేత ముట్టదు. మూడింటికంటే తక్కువైతే పనిచేయదు, మెల్లగా చిక్కిపోతుంది. ఈ లోపం రాస్తున్నప్పుడు మావాడికి గొంతు పట్టేసింది. "ఇలా రాస్తే ఎవరైనా ఓటేస్తారామ్మా, ఒక్కటి పెంచుకునేవాడికి పనికిరాదు కదా" అన్నాడు. నేనన్నాను, జోడెద్దుల్లో ఒకటి పోతే రెండోది గాటి దగ్గర ఎన్ని రోజులు మేత మాని నిలబడిందో నేను చూశాను, ఇది లేకపోతే జంతువే లేదు, ఓటు రాకపోయినా సరే ఉంచమన్నాను. ఉంచాడు.

ఇంకొక్కటే మిగిలింది, తల. కోటసారస్ పుర్రె దొరకలేదటండీ. ఒంటి ఎముకలు దాదాపు అన్నీ దొరికాయి, తల మాత్రం లేదు. సైన్స్ సెంటర్‌లో ఉన్నదానికి తల మనుషులు చేసి పెట్టిందే. అందుకని వాడు మెడదాకా గీసి ఆపేశాడు. కళ్ళు ఎక్కడ పెట్టాలి, పక్కలకా, ముందుకా? పక్కలకే అన్నాను, మేత తినేవన్నీ మేస్తూనే రెండువైపులా చూసుకోవాలి కదా. పెదవి ఎలా ఉండాలి? దాని మీద ఇంకా మాట తెగలేదు. అందుకే ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్తున్నాం, దాని మెడ కింద నిలబడి చూసి గీస్తాడట. మీ పాపను కూడా పంపండి, వాటర్ బాటిల్ నేనే పెడతాను. ఆ, గిన్నె అందుకోండి, మునక్కాడలు జారుతున్నాయి.