‘యూ’ అంటే అందరికీ ఒకటే

మాది గుంటూరు జిల్లాలో ఒక మాదిగ గూడెం. మా నాయన లందలో తోళ్ళు నానేసేవాడు, చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో పదేళ్ళ పిల్లగాడు కూడా ఆయన్ని ‘ఒరే’ అనేవాడు. నాయన మాత్రం వాణ్ణి ‘అయ్యా’ అనాల. తెలుగులో నేను మొదట నేర్చిన వ్యాకరణం ఇదే. ఇంగ్లీషులో నాకు నచ్చిన మొదటి మాట ‘యూ’. ఆసామికీ యూ, మా నాయనకీ యూ.

ఆ ఇంగ్లీషే నన్ను జపాన్ తీసుకుపోయింది. షికొకు దీవి, కోచి జిల్లా, కొండల మధ్య ఒక పల్లె. పడుచువాళ్ళంతా పట్నాలకు పోయారు. బడిలో క్లాసుకు ఆరేడుగురు పిల్లలు. పగలు వాళ్ళకు చెప్పేవాణ్ణి. వారానికో రాత్రి కోమింకన్‌లో, అంటే ఊరి హాల్లో, యుజు నిమ్మతోటల ముసలోళ్ళకు చెప్పేవాణ్ణి. వాళ్ళ భాషలోనూ మర్యాదకు మెట్లున్నాయి. ఎదుటి మనిషి పెద్దా చిన్నా చూసుకొని క్రియ మార్చాల.

ఒక రాత్రి పాఠం, ‘వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?’ మన దగ్గర ఈ ప్రశ్నకు అర్థం, నువ్వెవరోళ్ళు అని. నేనే ముందు చెప్పాను: మా నాయన తోలుపని చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు అని. హాలంతా గమ్మునైపోయింది. ఒకాయన టీ కప్పులోకి చూస్తా కూచున్నాడు. ఆ గమ్మునుండడం నాకు పుట్టినకాడి నుంచీ తెలుసు.

క్లాసయ్యాక డెబ్బై దాటిన అవ్వ ఒకామె ఆగింది. కుర్చీలు సర్దుతా, ‘మై ఫాదర్, టూ’ అంది.

అవ్వ బురాకు మనిషి. తోలుపని, పశువుల్ని కోసే పని చేశారని ఊరికి ఎడంగా ఉంచినవాళ్ళు బురాకులు. 1871లో ప్రభుత్వం వాళ్ళ అంటుతనం రద్దు చేసింది. కాగితం మారింది, ఊరు మారలేదు. 1922 మార్చి 3న క్యోటోలో సుయిహెయిషా అనే సొంత సంఘం పెట్టుకున్నారు. బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు తాగింది 1927లో. బురాకు ఊళ్ళ పేర్ల జాబితాలు కంపెనీలు చాటుగా కొంటున్నాయని 1975లో బయటపడింది. వివక్ష ఇంకా ఉందని ఒప్పుకుంటూ 2016లో చట్టం చేయాల్సొచ్చింది.

అవ్వే ఇంకో సంగతి చెప్పింది. 1961లో ఇదే కోచిలో, నాగహామా బురాకు తల్లులు ‘రాజ్యాంగం చదువు ఉచితమంది, పుస్తకాలు మేం కొనం’ అని తిరగబడ్డారు. 1963లో చట్టం వచ్చింది. ఇవాళ తొమ్మిదో తరగతి దాకా దేశంలో ప్రతి బిడ్డకూ పుస్తకాలు ఉచితం. నేను రోజూ పట్టుకునే ఇంగ్లీషు వాచకం కూడా. పన్నుల డబ్బుతో ఉచితంగా ఇస్తున్నామని ఆ పుస్తకాల వెనక అట్టమీద అచ్చేస్తారు. ఆ తల్లుల ఊసు మాత్రం ఉండదు.

ఆ హాల్లో అవ్వ తన భాషలో ఎన్నడూ తండ్రి పని చెప్పలేదంట. ఇంగ్లీషులో మూడు మాటల్లో చెప్పేసింది.

ఇంగ్లీషు దేవతేం కాదు. తెల్లతోలు టీచరే కావాలని నన్ను వెనక్కి పంపిన చోటూ ఉంది. అయినా చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దాన్ని వదలొద్దు. నేర్చుకోండి. నేర్చుకొని మొదట మీ అమ్మానాయనల పని ఏందో అందులో చెప్పండి.