హిసాబు కాస్తా ‘హిసాహెబ్’ అయితే

నాచారంలో ఉండే మా భాంజాకి ఇంజనీరింగ్ సెలవుల్లో తెవికీ షౌఖ్ పట్టుకుంది. తెవికీ అంటే తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మన ఇలాకా గురించిన పాత పేజీల్లో ‘రంగారెడ్డి జిల్లా’ అని కనబడేసరికి వాడికి చిరాకేసింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు ఉప్పల్ మండలం మేడ్చల్-మల్కాజిగిరికి పోయింది కదా. “మామూ, ఒక్కో పేజీ తెరిచి దిద్దుతూ కూర్చుంటే ఉమర్ అంతా అయిపోతుంది. అన్నిట్లో ఒకేసారి మార్చేస్తా” అన్నాడు.

మార్చడానికి ఔజార్లు ఉన్నాయి. ఆటోవికీబ్రౌజర్ అనేది పేజీల జాబితా తీసుకుని, ఈ మాట తీసి ఆ మాట పెట్టి, ఏం మారిందో పక్కపక్కన చూపిస్తుంది. మనం ఒప్పుకుంటేనే భద్రపరుస్తుంది. పైవికీబాట్ అయితే మనం వదిలేస్తే తనంతట తానే వందల పేజీలు తిరిగొస్తుంది. కష్టం ఔజారుతో కాదు. నేను వాణ్ని అడిగింది ఒక్కటే: “ఏ తారీఖు నాటి రంగారెడ్డి జిల్లా?”

ఆ జిల్లా పుట్టిందే 1978లో. అంతకు ముందు ఇదంతా హైదరాబాద్ జిల్లా. ఉప్పల్ స్టేడియంలో మొదటి వన్డే జరిగిన 2005 నవంబరులో ఆ స్టేడియం ఉన్నది రంగారెడ్డి జిల్లాలోనే. ఆ మ్యాచ్ గురించి రాసిన వాక్యంలో మేడ్చల్-మల్కాజిగిరి అని పెడితే అది దిద్దుబాటు కాదు, ఝూట్. మా అబ్బా కొన్న ప్లాటు రిజిస్ట్రీ కాగితాల్లోనూ రంగారెడ్డి జిల్లా అనే ఉంది. ఆ కాగితం మీద కొత్త పేరు రాస్తే ఏ దఫ్తర్‌లోనైనా ఊరుకుంటారా? ‘ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉంది’ అనే వాక్యం వేరు, ‘అప్పుడు ఫలానా జిల్లాలో జరిగింది’ అనే వాక్యం వేరు. ఆ ఫరఖ్ మెషీన్‌కు తెలీదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు వరంగల్‌ది. 2016లో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు వచ్చిన వాటిలో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ రెండు. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హన్మకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే ‘వరంగల్ జిల్లా’ అనే ఒక్క మాటకు రెండు మానేలు: 2016కు ముందున్న పెద్ద జిల్లా, 2021 తర్వాతి చిన్న జిల్లా. ఇప్పుడొకరు జోష్‌లో ‘వరంగల్ రూరల్ జిల్లా’ ఉన్నచోటల్లా ‘వరంగల్ జిల్లా’ అని పెట్టేశారనుకోండి. పాతది, కొత్తది కలిసిపోతాయి. తర్వాత తప్పు తెలుసుకుని ఉల్టా మార్పిడి చేద్దామన్నా కుదరదు, ఎందుకంటే వెతికితే రెండూ ఒకే మాటగా దొరుకుతాయి. పాలలో నీళ్లు కలిపాక ఎవరు వేరు చేస్తారు? ప్రతి పేజీకీ చరితం ఉంటుంది, వెనక్కి తిప్పొచ్చు, నిజమే. కానీ మధ్యలో వేరేవాళ్లు ఆ పేజీలో ఇంకేదో రాసి ఉంటే ఒక్కోదాన్ని చేత్తో విడదీయాలి. అందుకే తర్తీబ్ ముఖ్యం. ముందు పాత జిల్లా ఉన్నచోట్లను చదివి ‘ఉమ్మడి వరంగల్ జిల్లా’ అని మార్చాలి. ఆ పని పూర్తయ్యాకే రూరల్ జోలికి పోవాలి.

ఇక అక్షరాల సంగతి. ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ ఇమ్లా రాయించేటప్పుడు నుక్తా కోసం ప్రాణం తీసేవారు. ఒక్క నుక్తా జారితే ఖుదా కాస్తా జుదా అవుతుంది మరి. మెషీన్‌కు ఇమ్లా తెలుసు, మాట తెలీదు. ‘సాబు’ తీసి ‘సాహెబ్’ పెట్టమంటే ‘హిసాబు’ను ‘హిసాహెబ్’ చేస్తుంది, ‘కసాబు’ను ‘కసాహెబ్’ చేస్తుంది. జిల్లా అన్న మాట వదిలేసి ఒట్టి ‘రంగారెడ్డి’ తీసి ‘మేడ్చల్’ పెట్టమంటే, ఏ నాయకుడి పేరు మీద ఆ జిల్లా ఏర్పడిందో ఆయన కొండా వెంకట మేడ్చల్ అవుతారు!

తెలుగులో ఇంకో తమాషా ఉంది. ‘ఉప్పల్‌లో’ అని రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పెడతాం, పొల్లు విడిగా నిలబడటానికి. కొందరు పెట్టరు. కాబట్టి కంటికి ఒకేలా ఉన్న రెండు మాటల్లో మెషీన్ ఒకటి పట్టుకుని ఒకటి వదిలేస్తుంది. ఫొటోల దస్త్రం పేర్లలో మాట మారితే పేజీలోంచి ఫొటో గాయబ్. ఎవరి మాటలనైనా కోట్ చేసినచోట మారితే వాళ్లు అనని మాట వాళ్ల నోట్లో పెట్టినట్టే. పత్రికలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా, నాకు అన్నిటికన్నా భయం ఇదే.

భాంజాకి ఒక హద్దు పెట్టాను. ముందు రచ్చబండలో ఏం మార్చదలిచావో రాయి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పనీ. బాట్ నడపాలంటే దానికి వేరే ఖాతా, సముదాయం ఇజాజత్ కావాలి. పైవికీబాట్‌లో ఏదీ భద్రపరచకుండా ఉత్తుత్తిగా నడిపి చూసే వీలుంది, మొదట అలా చూడు. తర్వాత పది పేజీలు మార్చి ఆగు, ఆ పదీ మొదటి నుంచి చివరిదాకా చదువు. ప్రతి మార్పుకూ సారాంశంలో ఒకే మాట రాయి, రేపు వెతికి తిప్పాలంటే పనికొస్తుంది. ఎవరైనా చర్చ పేజీలో ప్రశ్న వేస్తే బాట్‌ను ఆపి జవాబు చెప్పు, జవాబు చెప్తూ నడపకు. ఇది వాడికి నచ్చలేదు, కానీ విన్నాడు.

‘ఉప్పల్’ అని వెతికి వాడు తయారుచేసుకున్న జాబితాలో మనది కాని ఉప్పల్ కూడా వచ్చింది. అది కమలాపూర్ మండలంలోని ఊరు. మొదట కరీంనగర్ జిల్లా, 2016లో వరంగల్ అర్బన్, ఇప్పుడు హన్మకొండ. ఆ ఊరికి రైల్వే స్టేషన్ కూడా ఉంది. మెట్రో స్టేషన్ ఉన్న మన ఉప్పల్‌కు, దానికి పేరులో తప్ప ఎందులోనూ రిష్తా లేదు. దాన్ని జాబితాలోంచి తీసేశాడు. ‘నాచారం’ జాబితాలో నాచారం గుట్ట వచ్చింది, అదీ తీసేశాడు. మిగిలినవి పదేసి చొప్పున చదువుతున్నాడు.