ఈఎస్‌పీ ఆఫ్ చేస్తే మొనగాళ్ళమైపోతామా?

నేను చదివింది మెకానికల్, చేసేది జావా. మనలో చాలామంది కథే ఇది. అందుకే కార్ల ప్రస్తావన వచ్చినప్పుడైనా చదివిన చదువుకి కాస్త న్యాయం చేద్దామని నోరు తెరుస్తుంటాను. మొన్న లంచ్ దగ్గర అదే జరిగింది. మా టీంలో ఒక కుర్రాడు ఫోన్లో పోర్షె కరేరా జీటీ వీడియో చూస్తూ, "అన్నా, కారంటే ఇదీ! ఇప్పుడొచ్చేవన్నీ కంప్యూటర్లే. స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే చాలు, తప్పులన్నీ అదే దిద్దేసుకుంటుంది. ఇంక డ్రైవర్ గొప్పేముంది?" అన్నాడు.

రెండేళ్ళ క్రితమైతే నేనూ అచ్చం ఇదే మాట అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను. ఎందుకు అనలేనో చెప్పడానికే ఈ టపా.

ముందు కుర్రాడి వైపునించి మాట్లాడదాం. వాడు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. 1992లో వచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 ఉంది చూశారూ, 627 హార్స్ పవర్. దానికి ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఆఖరికి పవర్ స్టీరింగ్ కూడా లేదు. 1998లో అదే కారు గంటకి 386 కిలోమీటర్ల వేగం అందుకుంది. కరేరా జీటీ 2003 నించి 2006 దాకా తయారైంది. పది సిలిండర్ల ఇంజను, ఆరొందల పైచిలుకు హార్స్ పవర్, చేత్తో మార్చుకునే గేర్లు. దాంట్లో ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ పెట్టారు గానీ, కారు పక్కకి జారిపోతే సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్ మాత్రం పెట్టలేదు. ఇలాంటి కార్లని అదుపులో పెట్టాలంటే నిజంగానే చేయి తిరిగుండాలి. అందులో నాకేం అనుమానం లేదు.

సరే, ఇంతకీ ఈ స్టెబిలిటీ కంట్రోల్ చేసేదేంటి? మన భాషలో చెప్పాలంటే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూకీ, యాక్చువల్ వాల్యూకీ పోలిక. స్టీరింగ్ ఎంత తిప్పావో ఒక సెన్సర్ చెబుతుంది, అంటే నువ్వు ఎటు వెళ్ళాలనుకుంటున్నావో తెలుస్తుంది. కారు నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో ఇంకో సెన్సర్ చెబుతుంది. రెండింటికీ పొంతన కుదరకపోతే కంప్యూటర్ ఇంజను జోరు తగ్గించి, ఏదో ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. మలుపులో కారు తోక బయటికి జారుతుంటే బయటివైపు ముందు చక్రానికి, ముక్కు తిరక్కుండా తిన్నగా పోతుంటే లోపలివైపు వెనక చక్రానికి. ఏబీఎస్ 1978లోనూ, ఈఎస్‌పీ పేరుతో ఇది 1995లోనూ వచ్చాయి. రెండూ బాష్ కంపెనీ, మెర్సిడెస్ కలిసి మార్కెట్లోకి తెచ్చినవే.

ఇక్కడో చిన్న కిటుకుంది. ఎంత మొనగాడికైనా కాలి కింద ఉండేది ఒకటే బ్రేకు పెడల్. నాలుగు చక్రాల్లో ఒక్కదానికే బ్రేకు వెయ్యమంటే ఏ ఫార్ములా వన్ ఛాంపియనూ ఆ పెడల్‌తో వెయ్యలేడు. కాబట్టి ఇది డ్రైవర్ చేసే పనిని లాక్కోవడం లేదు, డ్రైవర్ చెయ్యలేని పనొకటి చేస్తోంది. ఈ ముక్క నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. తిరగబడితే ఎక్కింది :)

అదెలాగంటే... ఆన్‌సైట్ పేరుతో ఆరునెలలు జర్మనీలో ఉన్నాను. అక్కడ జారే రోడ్డు మీద డ్రైవింగ్ నేర్పే ఒకరోజు శిక్షణలుంటాయి. నా కొలీగ్ ఒకడు చేరుతుంటే నేనూ డబ్బు కట్టేశాను. నడపడానికిచ్చింది పోర్షె కేమన్. జన్మకి ఇంకేం కావాలి అనుకున్నా. నేల మీద ఒక ఇనుప పలక ఉంటుంది. కారు వెనక చక్రాలు దాని మీదికి రాగానే అది ఠక్కున పక్కకి జరిగి కారు తోకని తంతుంది. ఎటువైపు తంతుందో ముందు తెలీదు. దాని తరవాతంతా నీళ్ళు చిమ్మిన నున్నటి నేల.

మొదట ఈఎస్‌పీ ఆన్‌లో పెట్టి, గంటకి 50 కిలోమీటర్ల వేగంతో. పలక తన్నింది, కారు ఊగింది, నేను స్టీరింగ్ తిప్పాను, కారు తిన్నగా వెళ్ళిపోయింది. 'ఆహా, ఏం తిప్పాన్రా' అనుకున్నా. నేర్పే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. వాకీటాకీలో, "ఇప్పుడు బటన్ నొక్కి ఆఫ్ చెయ్యి. వేగం అదే" అంది.

అదే వేగం, అదే పలక, అదే నేను. కారు గిర్రున ఒకటిన్నర చుట్లు తిరిగి, వచ్చిన దారికి ఎదురుగా ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి 40కి తగ్గించినా అంతే. నేను స్టీరింగ్ తిప్పే సరికే ఆలస్యమైపోతోంది, తిప్పాక మళ్ళీ వెనక్కి తేవడానికి ఇంకా ఆలస్యం.

తరవాత ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆఫ్‌లోనే నడిపింది. తోక ఇంకా జారడం మొదలవుతుండగానే ఆవిడ చేతులు కదిలిపోయాయి. చూపు మాత్రం కారు వెళ్ళాల్సిన చోటునించి తప్పలేదు. రెండుసార్లు చిన్నగా ఊగి తిన్నగా వెళ్ళిపోయింది. "మరి మీరు రోడ్డు మీద కూడా ఆఫ్ చేసే నడుపుతారా?" అని అడిగాను. "ఎందుకు? రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉండను కదా" అంది.

ఆ మాటతో ముందు నెలలో జరిగిందొకటి గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. వర్షంలో అద్దె కారు తీసుకుని హైవే దిగుతుంటే ఆ మలుపులో కాస్త జోరుగా వెళ్ళాను. డాష్‌బోర్డు మీద పసుపు దీపం, అదే కారు బొమ్మా దాని వెనక పాము మెలికలూ ఉంటాయే, అది టపటపా కొట్టుకుంది. పక్కసీట్లో మా ఆవిడ. తనవైపు తిరిగి, "చూశావా, ఎలా తిప్పానో!" అన్నాను. ఆ రోజు తిప్పింది నేను కాదు. ఆ పెట్టె లేకపోతే ఏమయ్యేదో ఇప్పుడు మూడుసార్లు గుండ్రంగా తిరిగి మరీ చూశాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ఆర్టీసీలో డ్రైవరు, మార్కాపురం డిపో. ఏళ్ళ తరబడి శ్రీశైలం ఘాట్ ఎక్కించి దింపాడు. ఆయన నడిపిన బస్సుల్లో ఏబీఎస్ మాట దేవుడెరుగు, చాలావాటికి పవర్ స్టీరింగే లేదు. పోర్షె సంగతీ, పలక సంగతీ గొప్పగా చెబుతుంటే అంతా విని, "సరే గానీ, ఆ పసుపు లైటు రోడ్డు మీద ఎన్నిసార్లు వెలిగిందిరా?" అని అడిగాడు. దొరికిపోయాను. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఘాట్‌లో ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు, ఎందుకో తెలుసా? బ్రేకులున్నాయి గదా అని తొక్కుతా పోతే కాలిపోతాయి, కావలసినప్పుడు పట్టవు. ఉన్నదాన్ని వాడకుండా దిగడమే పనితనం. లేకుండా దిగడం కాదు" అన్నాడు.

నా మటుకు నాకు ఈ చర్చంతా ఆ రెండు వాక్యాల్లో తేలిపోయింది.

రేసుల సంగతి వేరు. ఫార్ములా వన్‌లో 1994 సీజన్‌కి ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ లాంటివన్నీ నిషేధించారు. ట్రాక్షన్ కంట్రోల్‌ని 2001లో మళ్ళీ అనుమతించి, 2008లో మళ్ళీ తీసేశారు. అక్కడ కొలవాల్సింది డ్రైవర్ నైపుణ్యం, కాబట్టి అడ్డొచ్చేవి తీసేయడం న్యాయమే. పైగా అక్కడికొచ్చినవాళ్ళంతా ఒప్పుకుని వచ్చినవాళ్ళే. మన రోడ్డు మీద ఎదురుగా పిల్లల్ని స్కూటరెక్కించుకుని వచ్చేవాడు నీ పోటీకి ఒప్పుకోలేదు.

అలాగని కంప్యూటర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండమనీ కాదు. మ్యూనిక్‌లో టాక్సీల మీద ఒక ప్రసిద్ధమైన అధ్యయనం చేశారు. ఏబీఎస్ ఉన్నవాటికీ లేనివాటికీ ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఏబీఎస్ ఉన్నవాళ్ళు ఆ ధీమాతో ఇంకా దూకుడుగా నడిపారు మరి. అదే స్టెబిలిటీ కంట్రోల్ విషయంలో అమెరికా లెక్కలు చూస్తే, కారు దానంతటదే అదుపు తప్పి ప్రాణాలు పోయే ప్రమాదాలు దాదాపు సగం తగ్గాయి. అంటే మందు మంచిదే, మనం దాన్ని మింగి ఏం చేస్తామన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి, ఏ సాఫ్ట్‌వేరూ రోడ్డుకి లేని పట్టు తేలేదు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, 100 వేగంలో బ్రేకు తొక్కాక ఆగడానికి దగ్గర దగ్గర 49 మీటర్లు కావాలి. 150 అయితే 110 మీటర్లు. బీటెక్ మొదటేడు లెక్కే ఇది. 2013 నవంబరు 30న నటుడు పాల్ వాకర్ ఒక కరేరా జీటీలో పక్కసీట్లో కూర్చుని చనిపోయాడు. గంటకి 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట ఆ కారు 130కి పైగా వెళ్తోందనీ, టైర్లు తొమ్మిదేళ్ళ పాతవనీ దర్యాప్తులో తేలింది. స్టీరింగ్ పట్టుకున్నాయనకి రేసింగ్ అనుభవం ఉంది. ఆ వేగానికీ ఆ టైర్లకీ నైపుణ్యం హామీ ఇవ్వలేకపోయింది. కంప్యూటరైనా ఇవ్వలేదు.

చెప్పొచ్చేదేంటంటే, నైపుణ్యమా ఎలక్ట్రానిక్సా అన్న ప్రశ్నే తప్పు. ఆఫ్ చేసి చూపించేది ధైర్యం, అంతే. ఆన్‌లో ఉంచి కూడా ఆ దీపం వెలగనివ్వకపోవడం నైపుణ్యం. ప్రొడక్షన్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్ ఉంది కదా అని మనం చెత్త కోడ్ రాయం, చెత్త రాయం కదా అని దాన్ని తీసెయ్యం. ఇదీ అంతే. ఆ రోజునించి నాకు పసుపు దీపం వెలిగితే అది కారు గొప్ప కాదు, నా బగ్. ఎక్కడ, ఎందుకు వెలిగిందో ఇంటికెళ్ళేలోగా తేల్చుకుంటాను. ఇప్పటికి పదకొండు నెలలైంది, రెండుసార్లు వెలిగింది. రెండూ వర్షంలోనే, రెండూ నా తొందర వల్లే.

మా కుర్రాడు మాత్రం ఇంకా లొంగలేదు. "ఏమైనా ఒక్కసారి ఆఫ్ చేసి చూడాలనుందన్నా" అంటున్నాడు. చూడరా బాబూ, తప్పకుండా చూడు. ఎదురుగా ఎవరూ రాని చోట, నేర్పేవాళ్ళు పక్కనుండగా చూడు. మూడుసార్లు గుండ్రంగా తిరిగాక మళ్ళీ లంచ్ దగ్గర మాట్లాడుకుందాం.

అన్నట్టు, ఈ మధ్య కారు కొనబోతున్నవాళ్ళెవరైనా ఉంటే, సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు ఈఎస్‌పీ ఉందా అని అడగండి. ఉంటే ఆ దీపాన్ని ఓ కంట కనిపెట్టండి.